రాత్రి కొండెక్కి సూర్యోదయం చూడాలా? శ్రీపాద, బాతూర్, సినాయ్, ఫుజి, కినబాలులో మీకు ఏది సరిపోతుంది

మేఘాల మీంచి లేచే ఎర్రటి సూర్యుడు అన్ని ఫొటోల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాడు. అందుకే ఎక్కడికి వెళ్లినా ఒకటేలే అనిపించి, చాలామంది టికెట్ చవగ్గా దొరికిన చోటికో, స్నేహితులు వెళ్లొచ్చిన చోటికో బయల్దేరతారు. కానీ ఆ ఫొటోకి ముందు గడిచే రాత్రి కొండకొక రకంగా ఉంటుంది. ఒకచోట దారంతా దీపాలు, టీ కొట్లు, వేలమంది జనం. ఇంకోచోట తాడు పట్టుకుని చీకట్లో నున్నటి రాతి మీద నడక. మరోచోట టెన్షన్ అంతా నడక గురించి కాదు, ఆరు నెలల ముందే చేసుకోవాల్సిన బుకింగ్ గురించి.

నన్ను ఎవరైనా ఏ కొండకి వెళ్లాలి అని అడిగితే నేను ముందు ఎత్తు గురించి మాట్లాడను. ఆ రాత్రి మీరు ఎక్కడ, ఎన్ని గంటలు నిద్రపోతారో చెప్పండి అంటాను. మిగతా లెక్కలన్నీ దాని వెనకే వస్తాయి.

## ముందు చూసుకోవాల్సినవి

నిద్ర. రాత్రి నడకలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, సాయంత్రం కింద కాసేపు పడుకుని నడిరాత్రి లేచి ఏకబిగిన ఎక్కేయడం. రెండోది, పగలే సగం పైకి ఎక్కి అక్కడి బసలో పడుకుని, తెల్లవారుజామున మిగతాది ఎక్కడం. మొదటిది ఖర్చు తక్కువ, ప్లానింగ్ తక్కువ, కానీ ఎక్కాల్సింది వెయ్యి మీటర్ల లోపు ఉన్నప్పుడే సుఖం. అంతకు మించితే ఎక్కేటప్పుడు కాళ్లు పనిచేస్తాయి గానీ, దిగేటప్పుడు నిద్రమత్తులో అడుగు తడబడుతుంది.

పలచటి గాలి. సుమారు 2500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, వాంతులు మొదలయ్యే అవకాశం ఉంటుంది. మీరు ఎంత ఫిట్‌గా ఉన్నా దీనికి సంబంధం లేదు, రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకీ రావచ్చు. ఈ ఐదింటిలో మూడు ఆ గీతకి కింద ఉన్నాయి, రెండు చాలా పైన ఉన్నాయి.

చలి. ప్రతి వెయ్యి మీటర్లకి దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 26 డిగ్రీలుంటే రెండు వేల మీటర్లు పైన 13 మాత్రమే అన్నమాట, గాలి వీస్తే ఇంకా తక్కువనిపిస్తుంది. పైగా రోజు మొత్తంలో బాగా చల్లగా ఉండేది సరిగ్గా సూర్యోదయం చుట్టుపక్కల వేళే. చెమటతో తడిసిన బట్టల్లో కదలకుండా కూర్చునే సమయం కూడా అదే. కాబట్టి పైకి మరీ ముందు చేరడం మంచిది కాదు. సూర్యోదయానికి అరగంట, నలభై నిమిషాల ముందు చేరితే చాలు, తొలి వెలుగులో ఆకాశం రంగులు మారడం మొత్తం కనిపిస్తుంది. నేను ఒకసారి రెండు గంటల ముందే చేరిపోయి, తడి బనియన్‌తో వణుకుతూ కూర్చున్నాను. సూర్యుడు వచ్చేసరికి చూడాలన్న ఆశ కన్నా దిగిపోవాలన్న తొందరే ఎక్కువైంది. అప్పటి నుంచి సంచిలో పొడి బనియన్ ఒకటి తప్పకుండా పెట్టుకుంటాను, పైకి చేరగానే అన్నిటికన్నా ముందు చేసే పని అది మార్చుకోవడమే.

ఇంకో చిన్న లెక్క. ఎత్తు మీద నుంచి దిగంతం ఇంకాస్త కిందికి కనిపిస్తుంది కాబట్టి, తూర్పున అడ్డేమీ లేకపోతే సూర్యుడు నేల మీద వాళ్లకన్నా ముందే కనిపిస్తాడు. రెండు వేల రెండు వందల మీటర్ల మీద ఇది ఆరు నిమిషాల దాకా, ఫుజి శిఖరం మీద ఎనిమిది నుంచి పది నిమిషాల దాకా ఉంటుంది. ఫోన్‌లో చూపించే సూర్యోదయం టైము సాధారణంగా నేల మట్టానికి లెక్కగట్టింది, దాన్నే నమ్ముకుని చివరి మలుపు దగ్గర ఆగిపోకండి.

దిగడం. దీని గురించి ఎవరూ ఆలోచించరు. ఎక్కడం ఊపిరికి పరీక్ష అయితే దిగడం మోకాళ్లకి. రాత్రి నిద్ర లేక, పొద్దున ఎండ ఎక్కాక, వేల మెట్లు దిగాలి.

అనుమతి, గైడ్, సీజన్. ఇది కొండని బట్టి పూర్తిగా మారిపోతుంది, విడివిడిగా చెప్తాను.

| కొండ | శిఖరం ఎత్తు | రాత్రి ఎక్కే ఎత్తు (సుమారు) | నడక మొదలయ్యే వేళ | నిద్ర ఎక్కడ |
|---|---|---|---|---|
| శ్రీపాద, శ్రీలంక | 2243 మీ. | 1000 మీ. | రాత్రి 1–2 | కింద ఊళ్లో |
| బాతూర్, బాలి | 1717 మీ. | 650–700 మీ. | తెల్లవారుజామున 4 లోపు | కింద, దగ్గర ఊళ్లో అయితే మేలు |
| సినాయ్, ఈజిప్టు | 2285 మీ. | 700 మీ. | రాత్రి 1–2 | కింద సెయింట్ కేథరిన్‌లో |
| ఫుజి, జపాన్ | 3776 మీ. | బస నుంచి 400–700 మీ. | రాత్రి 1 చుట్టుపక్కల | దారిలో కొండ మీది బస |
| కినబాలు, మలేషియా | 4095 మీ. | 820 మీ. | రాత్రి 2–2:30 | 3272 మీటర్ల దగ్గర బస |

## శ్రీపాద: మొదటిసారి అయితే ఇదే

రాత్రి కొండెక్కడం అనేది వందల ఏళ్లుగా మామూలు విషయంగా ఉన్న చోటు ఇది. పైన రాతి మీదున్న పాదముద్రని బౌద్ధులు బుద్ధుడిదని, హిందువులు శివుడిదని నమ్ముతారు, ఆదాముదని నమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకే దీనికి ఆడమ్స్ పీక్ అని ఇంకో పేరు. తమిళంలో శివనొళిపాద మలై. డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెలలో వచ్చే వైశాఖ పౌర్ణమి దాకా యాత్ర సీజన్. ఆ రోజుల్లో కొండ కిందున్న నల్లతన్ని ఊరి వైపు నుంచి వెళ్లే దారంతా లైట్లు వెలుగుతుంటాయి, మధ్యమధ్యలో టీ కొట్లుంటాయి, చంటిపిల్లలతో వచ్చేవాళ్లూ చేతికర్రతో వచ్చే ముసలివాళ్లూ మీ పక్కనే నడుస్తుంటారు. దారి తప్పుతామన్న భయం ఉండదు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి కూడా నేను ముందుగా చెప్పేది ఈ కొండ పేరే, దారి ఎక్కడా నిర్మానుష్యంగా ఉండదు కాబట్టి.

మెట్లు మాత్రం సుమారు 5500. అలిపిరి నుంచి తిరుమలకి నడిచినవాళ్లకి 3550 మెట్లంటే ఏమిటో తెలుసు కదా, దాని మీద ఇంకో రెండు వేలు వేసుకోండి. పైగా ఇక్కడ చివరికొచ్చేకొద్దీ మెట్లు నిటారుగా అవుతాయి, పట్టుకోవడానికి పక్కన కడ్డీలు ఉంటాయి. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకి మూడు నుంచి నాలుగు గంటలు.

అసలు ఇబ్బంది జనం. పౌర్ణమి రోజుల్లో, శని ఆదివారాల్లో శిఖరం కింద క్యూ కదలకుండా నిలబడిపోతుంది, అంటే మూడు గంటలు కష్టపడి ఎక్కి, ఇంకో రెండు వందల మెట్లుండగా మెట్ల మీదే తెల్లారిపోవచ్చు. వారం మధ్యలో, పౌర్ణమికి అటూ ఇటూ కాకుండా వెళ్లండి. సీజన్ కాని నెలల్లో వెళ్తే జనం ఉండరు నిజమే, కానీ లైట్లూ ఉండవు, వాన, గాలి, జలగలు ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి అది వద్దు.

పైన చెప్పులు విప్పాలి. తెల్లవారుజామున ఆ రాయి ఎంత చల్లగా ఉంటుందో తొక్కితేగానీ తెలియదు, మందపాటి సాక్సులు ఒక జత అదనంగా తీసుకెళ్లండి. అక్కడి గంటని ఎన్నిసార్లు కొండెక్కితే అన్నిసార్లు మోగిస్తారు, రాత్రంతా ఆ మోతలు వినిపిస్తూనే ఉంటాయి. ఇక సూర్యుడు వచ్చాక అందరూ తూర్పునే చూస్తుంటారు, మీరు మాత్రం వెంటనే పడమటి వైపు వెళ్లండి. కొండ నీడ పొగమంచు మీద గీసినట్టు త్రిభుజంలా పడుతుంది, సూర్యుడు పైకొచ్చేకొద్దీ కురచవుతూ కొండ మొదట్లోకి వచ్చేస్తుంది. కొండ ఆకారం అచ్చు త్రిభుజం కాకపోయినా నీడ అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే మనం నీడ మొదట్లో నిలబడి దాని పొడవునా చూస్తున్నాం, రైలు పట్టాలు దూరంగా పోయేకొద్దీ కలిసినట్టే అదీ ఒక మొనలో కలుస్తుంది. నాకైతే ఈ ఐదు కొండల్లో ఒక్క దృశ్యం ఎంచుకోమంటే ఆ నీడే.

## బాతూర్: టైము తక్కువ ఉన్నవాళ్లకి

బాలిలో సెలవులకి వెళ్లి, ఒక్క పొద్దున కేటాయించగలిగితే చాలు. రెండు గంటల నడక, ఇది ఇప్పటికీ సజీవంగా ఉన్న అగ్నిపర్వతం, కొన్నిచోట్ల రాళ్ల సందుల్లోంచి వేడి ఆవిరి వస్తుంటుంది. ఎదురుగా సరస్సు, దాని అవతల అబాంగ్, ఆ వెనక 3031 మీటర్ల అగుంగ్, ఆకాశం శుభ్రంగా ఉంటే సముద్రం దాటి లొంబోక్ దీవిలోని రింజాని కూడా. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ. అక్కడి గైడ్ల సంఘం తరఫున గైడ్‌ని తీసుకోవాలి, ఒంటరిగా వెళ్లడానికి ప్రయత్నించి దారి మొదట్లో వాదన పెట్టుకోకండి.

చిక్కు ఎక్కడంటే, చాలామంది దక్షిణ బాలిలోని బీచ్ హోటళ్లలో ఉంటారు. అక్కడి నుంచి కారు రాత్రి రెండింటికే వచ్చేస్తుంది. అంటే నిద్ర మూడు గంటలు, మళ్లీ కారులో కునికిపాట్లు. ముందు రోజు రాత్రి కొండకి దగ్గర్లోని కింతామణి వైపు బస చేస్తే ఇదే కొండ సగం సులువైపోతుంది. దిగేటప్పుడు వదులు కంకర మీద కాలు జారుతుంది, అరిగిపోయిన బూట్లు వద్దు.

## సినాయ్: మబ్బు భయం తక్కువ

రాత్రంతా ఎక్కి, తీరా చూస్తే తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనబడకపోతే ఆ నిరాశ చెప్పలేం. ఆ రిస్కు ఈ ఐదింటిలో సినాయ్‌లోనే బాగా తక్కువ, ఎందుకంటే అది ఎడారి. దారిలో నక్షత్రాలు కనిపించినంత బాగా మిగతా నాలుగు చోట్లా కనబడవు. ఎక్కే దారులు రెండు: వెడల్పుగా, నెమ్మదిగా ఎక్కే ఒంటెల దారి, సన్యాసులు వేసిన 3750 మెట్ల దారి. రాత్రి ఒంటెల దారినే వెళ్లాలి, చివరి 750 మెట్లు మాత్రం ఎవరైనా నడవాల్సిందే. అప్పటిదాకా ఒంటె మీద వెళ్లొచ్చు కాబట్టి, పెద్దవాళ్లని తీసుకెళ్లాలనుకుంటే ఇది ఆలోచించదగ్గదే. పొద్దున దిగేటప్పుడు, మోకాళ్లు బాగుంటే, వెలుగులో మెట్ల దారి బాగుంటుంది, ఆరో శతాబ్దపు సెయింట్ కేథరిన్ మఠం దగ్గరికి నేరుగా దిగుతుంది.

స్థానిక బెదూయిన్ (అక్కడి ఎడారి తెగ) గైడ్ తోడుండాలి. ఎడారే కదా అని పలచటి బట్టలతో వెళ్లకండి, చలికాలంలో పైన సున్నా డిగ్రీల కిందికి పోతుంది. ఇంకో మాట, సినాయ్ ప్రాంతం విషయంలో ప్రయాణ హెచ్చరికలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు అవి చూడండి.

## ఫుజి: పాత సలహాలు నమ్మకండి

ఫుజి గురించి పాత వివరాలు చదివి మోసపోయేవాళ్లు చాలామంది. ఒకప్పుడు సాయంత్రం బస్సెక్కి 2300 మీటర్ల దగ్గరున్న ఐదో స్టేషన్‌లో (ఫుజి దారుల్లోని మజిలీలని స్టేషన్లంటారు) దిగి, రాత్రంతా ఆగకుండా ఎక్కి, సూర్యోదయం చూసి, మధ్యాహ్నానికి టోక్యో చేరిపోయేవాళ్లు. జపాన్‌లో దీన్ని తూటా నడక అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. నిద్ర లేదు, గాలికి అలవాటు పడే టైము లేదు, పలచటి బట్టలు. జబ్బుపడి, గాయపడి చాలామంది ఇబ్బందిపడ్డారు. 2024లో యమనాషి వైపు యోషిదా దారికి గేటు పెట్టి, రోజుకి నాలుగు వేల మంది అని పరిమితి పెట్టారు. 2025 నుంచి నాలుగు దారుల్లోనూ మనిషికి 4000 యెన్లు కట్టాలి, కొండ మీది బసలో బుకింగ్ లేనివాళ్లని మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజామున 3 దాకా పైకి వెళ్లనివ్వరు. జులై, ఆగస్టుల్లో సూర్యోదయం నాలుగున్నర, ఐదు గంటల మధ్య. మూడింటికి గేటు దాటినవాళ్లు శిఖరం మీద సూర్యోదయం చూడటం అసాధ్యం. అంటే బస దొరికితేనే ఫుజి, లేకపోతే ఇంకో కొండ చూసుకోండి.

ఇది కఠినంగా అనిపించినా మంచి నిబంధన అనే నా నమ్మకం. కొండ మీద నిద్ర అంటే పక్కపక్కన ఇరుకుగా పరిచిన పరుపుల మీద నాలుగైదు గంటలు, గాఢంగా పట్టదు, అయినా ఒళ్లు ఎత్తుకి కొంత అలవాటు పడుతుంది.

బస ఎంచుకునేటప్పుడు ఒక ఉపాయం. యోషిదా, సుబషిరి దారులు తూర్పు వైపు ఉంటాయి కాబట్టి, ఏడో ఎనిమిదో స్టేషన్ దగ్గర బస గుమ్మంలోంచే సూర్యోదయం కనిపిస్తుంది. రాత్రి ఒంటిగంటకి లేచేసరికి తలనొప్పిగా ఉంటే బలవంతంగా ఎక్కకండి, బస ముందే కూర్చుని చూసి, తెల్లారాక బాగుంటే పైకి, లేకపోతే కిందికి. యోషిదాలో చివరి గంట నడక క్యూలోనే సాగుతుంది, ఆ రద్దీలో నిలబడటం కన్నా చాలామందికి ఇదే హాయి. దక్షిణాన ఉన్న ఫుజినోమియా దారి దూరం తక్కువే, కానీ అక్కడ దారి మీద నుంచి ఇంత సులువుగా కనబడదు.

దిగేటప్పుడు ఎనిమిదో స్టేషన్ దగ్గర యోషిదా, సుబషిరి దారులు విడిపోతాయి, నిద్రమత్తులో తప్పు దారి పట్టి కొండకి అవతలి వైపు దిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. అక్కడ బోర్డు ఆగి చదవండి. సీజన్ యోషిదా దారిలో జులై మొదటి నుంచి, మిగతా దారుల్లో జులై 10 నుంచి, సెప్టెంబరు 10 దాకా, మిగతా కాలంలో ఆ కొండ మంచు పరికరాలు వాడటం వచ్చినవాళ్లకే.

## కినబాలు: అన్నీ నిబంధనలే, అయినా అద్భుతం

పర్మిట్ తప్పనిసరి, గైడ్ తప్పనిసరి, బస తప్పనిసరి. రోజుకి పరిమితమైన మందినే పంపుతారు కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి, ఖర్చూ ఎక్కువే. మొదటి రోజు 1866 మీటర్ల టింపోహాన్ గేటు నుంచి ఆరు కిలోమీటర్లు నడిచి, బస ఉండే పనలబాన్ చేరాలి. రెండో రోజు రాత్రి రెండింటికి మళ్లీ బయల్దేరితే, చెట్లు అయిపోయి నున్నటి గ్రానైట్ బండ మొదలవుతుంది, తాడు పట్టుకుని ఎక్కే చోట్లున్నాయి. 3668 మీటర్ల దగ్గరున్న సయాత్-సయాత్ చెక్‌పోస్టు తెల్లవారుజామున నిర్ణీత వేళకి దాటకపోతే వెనక్కి పంపేస్తారు. రాత్రి గట్టిగా వాన పడితే ఎవర్నీ పంపరు, నెలల తరబడి ఎదురుచూసినా సరే. దానికి మనసు సిద్ధం చేసుకునే వెళ్లాలి.

రాత్రే ఎందుకు అంటే, పొద్దెక్కేకొద్దీ అక్కడ మబ్బులు కమ్ముకుంటాయి, తెల్లవారుజామునే స్పష్టంగా ఉంటుంది. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది: అదే రోజు 2200 మీటర్లకి పైగా దిగాలి. మోకాలి నొప్పి ముందే ఉన్నవాళ్లకి ఈ ఒక్క కారణంతోనే నేను కినబాలు వద్దంటాను.

## ఎవరికి ఏది

- ఎప్పుడూ రాత్రి నడవలేదు, ఒంటరిగా వెళ్తున్నారు: శ్రీపాద, సీజన్‌లో, వారం మధ్యలో.
- పిల్లలు లేదా పెద్దవాళ్లు తోడున్నారు: నడవగలిగే పిల్లలైతే బాతూర్. పెద్దవాళ్లయితే ఒంటెతో సినాయ్, కానీ ఆ 750 మెట్లు ఎక్కగలరో లేదో ఇంట్లోనే తేల్చుకోండి.
- నిద్ర లేకపోతే అసలు తట్టుకోలేరు: ఫుజి, బస గుమ్మంలోంచి సూర్యోదయం.
- మోకాళ్ల నొప్పి: బాతూర్ చేతికర్రలతో, లేదా సినాయ్ ఒంటెల దారిలోనే ఎక్కి దిగడం. శ్రీపాద, కినబాలు వద్దు.
- ఇప్పటికే రెండు మూడు ఎక్కారు, ఇంకా గట్టిది కావాలి: కినబాలు. దాని తర్వాతే కిలిమంజారో గురించి ఆలోచించండి, అక్కడ కూడా చివరి నడక నడిరాత్రే మొదలవుతుంది గానీ 5895 మీటర్లకి ముందు రోజుల తరబడి నడవాలి.
- ఏకాంతం కావాలి: నిజాయితీగా చెప్పాలంటే ఈ ఐదూ మీకు నచ్చవు.

విమానం ఖర్చు పెట్టేముందు ఒంటికి రాత్రి నడక పడుతుందో లేదో చూసుకోవాలనుకుంటే మన దేశంలోనే కల్సూబాయి ఉంది, 1646 మీటర్లు, మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. బారీ ఊరి నుంచి ఎక్కుతారు, నిటారుగా ఉన్న చోట ఇనుప నిచ్చెనలున్నాయి. వానాకాలంలో సూర్యోదయం మీద ఆశ పెట్టుకోకండి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. అది అభయారణ్యం పరిధి కాబట్టి రాత్రి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఏ కొండైనా సంచిలో ఉండాల్సినవి: హెడ్ ల్యాంప్, దానికి అదనపు బ్యాటరీలు (ఫోన్ టార్చ్ అయితే ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది, చలికి ఛార్జింగూ పోతుంది), పొడి బనియన్, గాలి ఆపే జాకెట్, చేతి తొడుగులు, నీళ్లు, తీపి ఏదైనా. వీటితో పాటు ఇంకొకటి కూడా ప్లాన్‌లో రాసుకోండి: దిగిన రోజు సాయంత్రం విమానం పెట్టుకోవద్దు, బండి మీరే నడుపుకుంటూ తిరిగి వెళ్లొద్దు. రాత్రంతా మేలుకున్న మనిషి స్టీరింగ్ ముందు కూర్చోవడం ఆ కొండ మీద చేసిన దేనికన్నా ప్రమాదం. దిగిన చోటే ఒక గది తీసుకుని, కడుపునిండా తిని పడుకోండి.